పెట్టె లాగుతోంది

ఎక్కడా లాగడం లేదు కదా, ఇంట్లో రికార్డు చేసిన పద్యాలు పెట్టి ఎన్నిసార్లు విన్నా ఎక్కడా లాగలేదు, పాడే గొంతు ఇలా ఎత్తుకోగానే అలా వెంట పడుతోంది, మరి ఈయన చేతికి పోయేసరికి ఎందుకు లాగుతుంది, పద్యం చివర రాగం తీసేటప్పుడు పెట్టె లాగుతోంది జ్యోతీ అంటాడు, పెట్టె అంటే హార్మోనియం, నాటకాల వాళ్ళ మాట, కాపురానికి వచ్చాకే నేర్చుకున్నాను, లాగడమంటే పద్యం ముందు పోతుంటే స్వరం వెనకాల ఈడ్చుకుంటూ రావడం, సరే లాగుతోందనే అనుకుందాం, అందుకే గదా ఈ ఆదివారం మధ్యాహ్నం ఉయ్యూరు కల్యాణమండపంలో, స్టేజీ పక్క తెర చాటున, ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను, రోడ్డు మీద చెరకు లారీల హారన్లు, చక్కెర ఫ్యాక్టరీ పులిసిన వాసన వచ్చి మేకప్ రంగుల వాసనతో కలుస్తోంది, ఎదురుగా లైట్ల వెలుతురులో మా ఆయన గోపీనాథ్ పెట్టె ముందు బాసింపట్టు వేసుకుని, పట్టు లాల్చీ, నుదుట బొట్టు, చూసినవాళ్ళెవరైనా ఈ మనిషికి కుడిచేతి వేళ్ళు రెండు పనిచేయవని అనుకుంటారా, అనుకోరు, అనుకోకూడదనే గదా నా పాట్లన్నీ.

బెంజ్ సర్కిల్ దగ్గర స్కూటర్ జారి మణికట్టు విరిగింది, కట్టు విప్పాక ఉంగరపు వేలూ చిటికెన వేలూ మొద్దుబారిపోయాయి, నరం అన్నాడు డాక్టరు, టైం పడుతుందన్నాడు, వస్త్రలత మార్కెట్లో ఈయన బట్టల కొట్టుకి ఆ రెండు వేళ్ళతో పనేముంది, చీర మడత విప్పి చూపించడానికి మూడు చాలు, పెట్టెకి మాత్రం చాలవు, ఆ రోజుల్లో ఈయన మొహం చూడలేకపోయాను, కంచం ముందు కూర్చుని బల్ల మీద వేళ్ళు ఆడించుకునేవాడు, మూడు ఆడేవి, రెండు చచ్చినట్టు పడుండేవి, నా గుండె తరుక్కుపోయేది, నాకు పాడటం రాదు, వాయించడం రాదు, కానూరు కాలేజీలో పిల్లలకి కంప్యూటర్ ల్యాబ్ చెప్పుకునేదాన్ని, నాకు వచ్చింది కోడు రాయడమే, అదే రాస్తాననుకున్నాను, ఫౌస్ట్ అని శబ్దాన్ని లెక్కలుగా రాసుకునే భాష ఒకటుంటే వీడియోలు చూసి నేర్చుకున్నాను, హెడ్‌ఫోన్లలో కుక్కరు విజిలు వినపడక పప్పు మాడిపోతే మా అత్తగారు రావమ్మ గారు వచ్చి, ఏందమ్మా అమ్మాయీ పొద్దస్తమానం ఆ కుయ్ కుయ్, ఇల్లంతా పొగ నిండినా దిక్కు లేదు అని కిటికీలు తెరిచేవారు, పాత పెట్టెలోంచి రీడ్లు తీసేసి లోపల చిన్న కీబోర్డు బిగించాం, పైకి చూస్తే హార్మోనియమే, వెనక తిత్తితో ఇప్పుడు పని లేదు, అయినా ఎడంచేత్తో ఊపుతూనే ఉంటాడు, ఊపకపోతే తోచదట, పెట్టెలోంచి వైరు ల్యాప్‌టాప్‌కి, ల్యాప్‌టాప్‌లోంచి స్పీకరుకి, నడుమ నా ప్లగిన్, అంటే శబ్దాన్ని పుట్టించే నా ప్రోగ్రాం, రీడు ఎలా అదురుతుందో, గాలి తగ్గితే స్వరం ఎలా పీలగా అయిపోతుందో ఫౌస్ట్‌లో రాశాను, నడక మాత్రం లూవా అని ఇంకో చిన్న భాషలో స్క్రిప్టుగా రాశాను, నడక అంటే పాడేవాడి వెంట ఎప్పుడు పోవాలి, ఎప్పుడు ఆగి అతన్ని ఊపిరి తీసుకోనివ్వాలి అన్నది, ఈయన మూడు వేళ్ళతో దారి చూపిస్తే చాలు, మైకులో పద్యం వింటూ మిగతా రెండు వేళ్ళ స్వరాలూ అదే నింపుకుంటుంది, దానికి ఆసరా అని పేరు పెట్టాను, స్క్రీను మీద ఆ పేరు పక్కన పచ్చ లైటు ఉంటే అది నడుస్తున్నట్టు, ఎప్పుడైనా కోడు మొరాయిస్తే సభలో ఈయన పరువు పోకూడదని పెట్టె అంచున ఎర్ర బొత్తాం కూడా బిగించాను, నొక్కితే ఆసరా ఆగిపోయి ఈయన వేళ్ళు ఎంత వాయిస్తే అంతే మోగుతుంది, లైటు బూడిద రంగులోకి పోతుంది, ఎంత ముందుచూపే నీకు అని నన్ను నేనే మెచ్చుకున్నాను, నా మొహం.

ఇంట్లో ఒక్కసారి వాయించి చూశాడు, బానే ఉందిలే అన్నాడు, ఆ తర్వాత సాధనంతా తలుపు వేసుకునే, నువ్వు అన్నీ సెట్ చేసిచ్చేయ్ చాలు, పక్కన కూర్చోమాకు, నాకు చెయ్యాడదు అన్నాడు, సరే, కూర్చోలేదు, ఊళ్ళల్లో ఆటలకీ పోలేదు, ల్యాప్‌టాప్ మూత సగం దించి గుడ్డ కప్పి పెట్టె పక్కనే పెట్టుకునేవాడు, కంకిపాడులో ఆడి వచ్చి పెట్టె లాగుతోంది జ్యోతీ అన్నాడు, శబ్దం ఆలస్యం ఎక్కడ పుడుతోందో వెతికి తగ్గించాను, ఇబ్రహీంపట్నంలో ఆడి వచ్చి లాగుతూనే ఉంది, నీకు పద్యం నడక అంటే ఏంటో తెలిస్తేగా అన్నాడు, నోరు మూసుకుని స్క్రిప్టు మొత్తం తీసి పారేసి మొదట్నుంచీ రాశాను, ఆ తర్వాతి ఆటకి, ఇవాళ నయం అన్నాడు, ఆ ఒక్క మాటకి వంటింట్లో పాయసం వండుకున్నాను, ఛీ, తలుచుకుంటే ఒళ్ళు మండిపోతోంది, మళ్ళీ ముసురు పట్టిన వారంలో బందరు నుంచి వచ్చి తువ్వాలు విసిరికొట్టి, నీ ప్రోగ్రాం నా పరువు తీస్తోందే అన్నాడు, వాడికా పెట్టేదో సరిగ్గా చేసివ్వరాదూ అమ్మాయీ, సభలో మాటొస్తోందంట అని రావమ్మ గారు, ఆఖరికి హనుమయ్య గారు కూడా, రాజు వేషం కట్టే పెద్దాయన, కంకిపాడు రైతు, ఈయన్ని తప్ప ఇంకొకరిని పెట్టె ముందు కూర్చోనివ్వరు, ఫోన్ చేసి మరీ, ఏమ్మా, మీ మిషను కాస్త మొండిదిలా ఉందే, ఓ చూపు చూడరాదూ అన్నారు, చూస్తాను, చూడకేం, అందరూ కలిసి నా తప్పే చూస్తుంటే నేను మాత్రం ఇంకేం చూస్తాను.

ఇవాళ నేనూ వస్తానన్నాను, వింగులో ఆడవాళ్ళకి ఏం పని అన్నాడు, అయినా పెద్ద వైరు కొనుక్కుని ల్యాప్‌టాప్ నా దగ్గరే పెట్టుకుంటానని మొండికేసి వచ్చాను, ఎందుకంటే మూడో వరుసలో జాన్ పాల్ గారున్నారు, గుణదల దగ్గర రికార్డింగ్ స్టూడియో ఆయనది, కీబోర్డు వాయించేవాళ్ళు దొరకని పల్లెటూరి చర్చిల్లో, పాడేవాళ్ళ వెంట దానంతటదే పోయే ప్లగిన్ ఉంటే ఎంత మేలు మేడమ్ అన్నారు, ఒకసారి సభలో వింటానండీ, బావుంటే మా స్టూడియో నుంచే బయటికి తెద్దాం, మీ పేరే వేద్దాం అన్నారు, నా పేరు, జ్యోతిర్మయి అని, పాట పాడనిదాని పేరు, పద్యం రానిదాని పేరు, ఇన్నాళ్ళు ఈ లెక్కల్లో తల దూర్చుకుని కూర్చున్నది ఎవరికో ఒకరికి పనికొస్తుందని బయటివాళ్ళు ఒక్కరు అంటే చాలనిపించింది, అంతకంటే నేనేం కోరాను, ఇవాళ గనక పెట్టె సరిగ్గా పలకకపోతే ఆయన మళ్ళీ మా గడప తొక్కరు.

ఇదిగో హనుమయ్య గారు కిరీటం సర్దుకుని మైకు ముందుకొచ్చారు, ఎత్తుకున్నారు, ఈ వయసులో ఏం గొంతండీ బాబూ, మొదటి పాదం, పెట్టె వెన్నంటే ఉంది, రెండో పాదం, ఉంది, చివర రాగం మొదలైంది, గొంతు పైకి పైకి పోయి అక్కడ కాసేపు నిలబడి గబగబా దిగింది, ఆ దిగుడులో పెట్టె తడబడింది, రెండు స్వరాలు మింగేసింది, మూడోది ఆలస్యంగా వచ్చి పడింది, లాగింది, నిజంగానే లాగింది, నా చెవులతో విన్నాను, ఓరి దేవుడా ఎక్కడ తప్పు రాశాను అనుకుంటూ స్క్రీను వంక చూస్తే ఆసరా పక్కన లైటు బూడిద రంగులో ఉంది, నేను ఆన్ చేయడం మర్చిపోయానా, లేదే, తెర లేచేముందు పచ్చగా ఉంది, నేనే చూశాను, పొరపాటున చెయ్యి తగిలుంటుంది పాపం, పాపం అనే అనుకున్నాను సుమండీ, అంతలో జనం వన్స్ మోర్ అని ఈలలు, నచ్చితే కథ అక్కడికక్కడ ఆపి అదే పద్యం మళ్ళీ పాడించుకుంటారు, హనుమయ్య గారు నవ్వుతూ దణ్ణం పెట్టి మళ్ళీ ఎత్తుకున్నారు, నేను ఇక్కణ్ణుంచే ఆన్ నొక్కాను, పచ్చ లైటు, పెట్టె గొంతే మారిపోయింది, హనుమయ్య గారి వెంట నీడలా, ఆ నిండుతనం, అబ్బ, ఇది నేను రాసిందేనా, మూడో వరుసలో జాన్ పాల్ గారు ముందుకు వంగారు, నాకు ఏడుపొచ్చినంత పనయింది, ఈయన తల ఎత్తాడు, తెర చాటున ఉన్న నన్ను చూశాడు, ఎడంచెయ్యి తిత్తి వదిలేసింది, ముందుకొచ్చి బొటనవేలితో ఎర్ర బొత్తాం నొక్కింది.

బూడిద, నేను మళ్ళీ ఆన్ చేశాను, మళ్ళీ నొక్కాడు, మళ్ళీ చేశాను, నడుమ హనుమయ్య గారి పద్యం, పెట్టె ఒక ముక్క నిండుగా, ఒక ముక్క కుంటుతూ, మొగుడూ పెళ్ళాం నిండు సభలో, ఒక్కరికీ తెలియకుండా పోట్లాడుకుంటున్నాం, ఈయన దవడలు బిగుసుకున్నాయి, నుదుటి బొట్టు చెమటకి కారుతోంది, ఆ మొద్దుబారిన వేళ్ళతోనే పెట్టె మెట్లు వెతుక్కుంటున్నాడు, అప్పుడు అర్థమైంది, ఇవాళే కాదు, ఎప్పుడూ ఆన్‌లో లేదు, కంకిపాడులో లేదు, బందరులో లేదు, నేను తీసి పారేసి తిరగరాసిన స్క్రిప్టుని ఏ సభలోనూ ఎవరూ వినలేదు, ముసురు రోజుల్లో పెట్టె లాగిందంటే ఆ రోజుల్లో వేళ్ళు బిగుసుకునేవి, ఇవాళ నయం అన్న రోజున వేళ్ళకి నయం, పాయసం వండుకున్నది నేను, నా చెయ్యి నొప్పెడుతోంది జ్యోతీ అనడానికి నోరు రాలేదు, నీ ప్రోగ్రాం నా పరువు తీస్తోందే అనడానికి మాత్రం వచ్చింది, జాన్ పాల్ గారు కుర్చీలో వెనక్కి వాలి పక్కాయనతో ఏదో అంటున్నారు, నేను మౌస్ మీద నుంచి చెయ్యి తీసేశాను, పద్యం కుంటుతూనే ముగిసింది, జనం హనుమయ్య గారి గొంతుకి చప్పట్లు కొట్టారు.

తెర పడ్డాక జాన్ పాల్ గారు వింగులోకి వచ్చారు, మర్యాదస్తుడు, ఐడియా చాలా బావుందండీ మేడమ్, కానీ ఒక క్షణం వస్తోంది, ఒక క్షణం పోతోంది, ఆదివారం ఆరాధనలో ఇట్టా ఆగిందంటే పాడేవాళ్ళు బెదిరిపోతారండీ అన్నారు, అది ఆగలేదండీ, ఆపారు అని నేను అనబోతే, ఈయన చెమట తుడుచుకుంటూ వచ్చి నా మాటకి అడ్డం పడి, కొత్త ప్రోగ్రాం గదండీ, ఇంకా తడబడుతోంది, మా ఆవిడ చూస్తుందిలెండి అన్నాడు, నవ్వాడు కూడా, జాన్ పాల్ గారూ నవ్వారు, ఇంకొన్నాళ్ళు చూద్దామండీ అని వెళ్ళిపోయారు, ఇంకొన్నాళ్ళు అంటే ఎన్నాళ్ళో మర్యాదస్తులెవరూ చెప్పరు, ఈయన నా వంక చూడకుండా వైర్లు చుట్టుకుంటున్నాడు.

తిన్నగా హనుమయ్య గారి దగ్గరికే పోయాను, కిరీటం తీసి పక్కన పెట్టుకుని మొహానికి కొబ్బరినూనె పట్టించుకుని రంగు తుడుచుకుంటున్నారు, ఆ మిషను ఆపేసి ఉందండీ, మొదట్నుంచీ ఆపేసే ఉందండీ అన్నాను, నా గొంతు నాకే కొత్తగా వినిపించింది, ఆయన ఏమీ ఉలిక్కిపడలేదు, తెల్సమ్మా, గోపీ చెయ్యి నాకు తెలవదా, ఇన్నేళ్ళుగా ఆ చేతి మీదే గదా పాడుతున్నాను అన్నారు, మరి తెలిసీ మిషను మొండిదని నాకెందుకు ఫోన్ చేశారండీ అని అడిగాను, దానికాయన గుడ్డ పక్కన పెట్టి, చిన్నపిల్లకి చెప్పినట్టు, మా నాటకాలోళ్ళలో ఒకటుందమ్మా, వాయించేవోడి చెయ్యి తప్పిందని చచ్చినా అనం, ఉక్కకి చెక్క ఉబ్బిందంటాం, రీడు అంటుకుందంటాం, పెట్టెదే తప్పంటాం, మనిషిని అన్నామనుకో, ఆడిక పెట్టె ముందు కూచోలేడు, మా నాయన నాటి నుంచీ అదే పద్ధతి అన్నారు, మరి నేనో, నన్నెందుకండీ అన్నారు అన్నాను, ఆయన కళ్ళు పెద్దవి చేసుకుని నిజంగానే ఆశ్చర్యపోయారు, నిన్నెవరన్నారమ్మా, పెట్టెనేగా అన్నది.

పెట్టెనే, అవును, ఎంత మంచి పద్ధతి, ఎంత దయ, ఒక మనిషి పరువు నిలబెట్టడానికి ఇంతమంది కలిసి ఇంత కాలం ఒక్క మాట మీద నిలబడ్డారు, చెక్కకి ఏం నొప్పి, రీడుకి ఏం అవమానం, అనుకున్నన్నాళ్ళు అనుకున్నారు, ఆ చెక్కా రీడూ తీసేసి వాటి చోట ఒక ఆడది తన మధ్యాహ్నాలన్నీ పోసి రాసింది పెట్టాక కూడా అదే నోటితో అదే మాట అన్నారు, ఈయన ఇప్పుడు పెట్టెకి తాళం వేసి, పోదామా జ్యోతీ, బస్సుకి టైమైంది అంటున్నాడు, ఏమీ జరగనట్టు, పైగా కాస్త తేలికపడ్డట్టు, నేను ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుంటున్నాను, కోపం రావాలి, వస్తోంది, కానీ ఎవరి మీద తీర్చుకోను, ఇన్నాళ్ళూ తప్పంతా నా నెత్తిన రుద్దారని కుమిలిపోయాను, అదైనా కాదు, ఒకరి నెత్తిన రుద్దాలంటే ఆ ఒకరు ఉన్నారని ముందు తట్టాలి, నీ ప్రోగ్రాం అన్నప్పుడు కూడా ఈయనకి తట్టలేదు, హనుమయ్య గారికి తట్టలేదు, రావమ్మ గారికి అసలే తట్టలేదు, వీళ్ళు నన్ను తిట్టలేదు, తిట్టడానికైనా నేను ఎవరికీ గుర్తు రాలేదు.