పనస పీట

1997 జూన్ 16, సోమవారం ఉదయం తొమ్మిదింటికి, మా ఆయన కూర్చుని భోంచేసే పనస పీటను చేతిసంచిలో పెట్టుకుని నేను ఆఫీసుకు బయలుదేరాను.

చిత్తూరులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో టైపిస్టును. తొమ్మిదేళ్ళుగా ఒకటే కుర్చీ. టైపు మెషిన్ పెట్టిన బల్ల ఎత్తు. దానికి తగ్గట్టు కుర్చీ ఎత్తు. నా కాళ్ళు నేలకు అందవు. ఆ మే నెలలో ఒకరోజు నడుం పట్టేసి కుర్చీలోంచి లేవలేకపోయాను. ఇద్దరు పట్టుకుని లేపారు. "కూసోని కొట్టే పనికి నడుం నొప్పేంది? మేము నాట్లేసి, ఇంటికొచ్చి పిండి రుబ్బినోళ్ళం" అంది మా అత్త చంద్రకాంతమ్మ. తెల్లవారుజామున ఆ రోలు ముందు ఇప్పుడు కూర్చునేది నేనేనని ఆమెకు గుర్తు చెయ్యలేదు. మా ఆయన మునికుమార్ మెల్లగానే అన్నాడు: "నొప్పైతే ఉద్యోగం మానుకో. నువ్వు సంపాయిస్తేనే తింటా ఉండామా?" ఆ మాట ప్రేమతో అన్నాడనే కొన్నాళ్ళు అనుకున్నాను. మా ఇంట్లో నేను కూర్చునే కుర్చీ ఒక్కటీ లేదని తర్వాత తట్టింది. మానేస్తే ఆఫీసులో ఉన్న ఆ ఒక్కటీ పోతుంది.

ఎముకల నొప్పంటే మా వైపు పుత్తూరు కట్టే. "కట్టు కట్టించుకో. మూడు వారాలు ఇంట్లో ఉండు. ఆపైన ఉద్యోగం సంగతి సూద్దాం" అని జూన్ రెండో శనివారం మునికుమారే పుత్తూరు బస్సెక్కించాడు. కట్లు కట్టే పెద్దాయన నా నడుం నొక్కి చూసి, గుడ్డ పక్కన పెట్టేశాడు.

"ఎముకకేం కాలేదు తల్లీ. దినమంతా యాడ కూసుంటావు?"

చెప్పాను. గోడవారనున్న బల్ల మీద కూర్చోమన్నాడు. కాళ్ళు వేలాడాయి. పాదాల కింద ఇటుక నెట్టాడు. నడుముకూ గోడకూ మధ్య తువ్వాలు మడిచి పెట్టాడు.

"ఇప్పుడు?"

నొప్పి సగానికి తగ్గింది. నాకు ఏడుపొచ్చింది.

"కాళ్ళు గాల్లో ఉంటే బరువంతా నడుమే మొయ్యాల. కింద ఏదన్నా పెట్టుకో. గంటకోసారి లేసి నడువు. కట్టు అక్కర్లే, పో" అన్నాడు.

ఆదివారం ఇల్లంతా వెతికాను. ఇటుకంత ఎత్తున్నది పనస పీట ఒక్కటే. మా మామ పోయాక దాని మీద మునికుమార్ కూర్చుంటున్నాడు. పద్నాలుగేళ్ళుగా నేను వంగి వడ్డిస్తున్నాను.

సోమవారం గడప దగ్గర అత్త సంచిలోకి చూసింది.

"మగోడు కూసోని తినే పీట. నీ కాళ్ళ కిందికా?"

"అవునత్తా."

"వాడు దేనిమింద కూసుంటాడు?"

"నేల మింద. ఆయన కాళ్ళకు అందుతాది కదా."

ఆఫీసులో సూపరింటెండెంటు సుబ్బన్న "ఏందమ్మా, ఈడ పంతిభోజనాలా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. పీట బల్ల కింద పెట్టి, నడుం వెనక తువ్వాలు మడిచి పెట్టుకుని, మెషిన్‌లో కాగితం ఎక్కించాను. సాయంత్రం ఐదింటికి ఇరవై రెండు పేజీలయ్యాయి. ఎవరూ పట్టుకోకుండా లేచాను. పీట అక్కడే ఉంచాను.

రాత్రి ఎనిమిదింటికి మునికుమార్ చాప పరుచుకున్నాడు. గిన్నెలు ఇద్దరికీ అందేలా మధ్యలో పెట్టి, ఎదురుగా గోడకు ఆనుకుని నేనూ కూర్చున్నాను. ఆయన గిన్నెల వైపు చూశాడు, నా వైపు చూశాడు. తర్వాత గరిటె తీసుకుని అన్నం తనే వడ్డించుకున్నాడు.