సెబాస్టియన్ కట్టిన కరువు

ఫిల్మ్‌నగర్‌లో వాన కావాలంటే ట్యాంకర్ వాడికి ఫోన్ చేస్తారు. వెన్నెల కావాలంటే లైట్‌బాయ్‌ని కేకేస్తారు. కరువు కావాలంటే మాత్రం మోతీనగర్‌లో సెబాస్టియన్ ఇంటికి కబురు పెడతారు. ఇరవై రెండేళ్ళుగా ఆయన చేసిన కరువులు చూసి జనం టికెట్ కొనుక్కుని మరీ ఏడ్చారు. "అందరి మొగుళ్ళూ ఇళ్ళు కడతారు, మా ఆయన కరువులు కడతాడు" అని భార్య ఫిలోమినా చర్చి మెట్ల మీద ఆయన ఎదుటే చెబుతుంది.

పని చూస్తే తేలికే అనిపిస్తుంది. లారీల్లో నల్లరేగడి తెప్పించాలి, కాళ్ళతో తొక్కి ముద్ద చేయాలి, జానెడు మందాన పరిచి నాలుగు రోజులు ఎండబెట్టాలి. ఐదో రోజుకి నేల అరచెయ్యి పట్టేంత వెడల్పున పగులుతుంది. కానీ ఎక్కడ లోతుగా పగలాలో, ఎక్కడ సన్నగా చీలాలో సెబాస్టియన్‌కు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఆ ఒక్క విద్య మీద ఆయన ఇల్లూ, ఆయన దగ్గర పనిచేసే ఇరవై మంది ఇళ్ళూ నడుస్తున్నాయి.

అలాంటివాడికి ఈ సినిమాతో చిక్కొచ్చిపడింది. డైరెక్టర్ చంద్రశేఖర్ కుర్రవాడు, మర్యాదస్తుడు. మర్యాదగానే చెప్పాడు. "సెబాస్టియన్ గారూ, హీరో డేట్స్ ఇచ్చిన పొద్దున తొమ్మిదింటికి నాకు కరువు రెడీగా ఉండాలి. తేడా వచ్చిందా, ఇక నుంచి నేలలన్నీ గ్రాఫిక్స్ వాళ్ళకిచ్చేస్తాను. ప్రొడ్యూసర్ ఎప్పట్నుంచో అదే పోరు పెడుతున్నాడు." సెబాస్టియన్ నవ్వి, "నా కరువు ఎప్పుడైనా ఆలస్యమైందాండీ?" అన్నాడు. పైకి నవ్వాడే గానీ, ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఫిల్మ్‌నగర్‌కీ షేక్‌పేటకీ నడుమ బండరాళ్ళున్న ఏటవాలు జాగా ఒకటి అద్దెకు తీసుకున్నారు. పైన మట్టిగోడల గుడిసె, కింద సెబాస్టియన్ పగుళ్ళ పొలం. సినిమా ఒక నిజమైన రైతు కథ. ఆయన పేరు పోచయ్య. పాలమూరు దిక్కు బోడగుట్టల ఊళ్ళో నీళ్ళు నిలబెట్టడం మొదట మొదలుపెట్టినవాడు. డెబ్భై అయిదేళ్ళుంటాయి. సలహాదారు అని పేరు పెట్టి ఆయన్ను పిలిపించి ఏసీ గదిలో దింపారు. రెండో రోజే ఆయన మూట సర్దుకుని సెట్టు మీద గుడిసెలోకి వచ్చేశాడు. ఆ గుడిసె సినిమాలో ఆయన ఇల్లే. "నా అసలు ఇంటికన్న గిదే మంచిగున్నది" అని అందులో కాపురం పెట్టేశాడు.

వచ్చిన రోజే పగుళ్ళ పొలం చుట్టూ ఒకసారి తిరిగి, "సారూ, గిదేంది?" అని అడిగాడు.

"కరువండీ పెద్దాయనా. మీ ఊరి కరువే" అన్నాడు సెబాస్టియన్, గర్వంగా.

పోచయ్య గొంతుక్కూర్చుని పగులులో వేలు పెట్టి చూశాడు. "మాది చెల్క నేల బిడ్డా, ఎర్రమన్ను. గది పగలదు. పెంకు లెక్క గట్టివడ్తది. వాన పడ్డా నీళ్ళు లోపటికి దిగయి, మీదికెంచి జారిపోతయి. గిట్ల పగిలిందంటే గీడ మొన్నటిదాంక నీళ్ళు నిలిచినట్టు. గిది ఎండిన చెరువు అడుగు. గింత నల్లమన్నే ఉంటే నాకు కష్టమెందుకుండె?"

సెబాస్టియన్ తన పగుళ్ళ పొలం కేసి ఓసారి చూసుకున్నాడు. ఇరవై రెండేళ్ళుగా కరువని చెప్పి జనానికి చూపించినవన్నీ చెరువులే! "పగలకపోతే అది కరువని చూసేవాళ్ళకి తెలియదండీ" అన్నాడు.

"గట్లనా" అన్నాడు పోచయ్య, పెళ్ళివారింట కూర బాగాలేకపోయినా బాగుందనేవాడి మర్యాదతో. "అయితే పగలనియ్యి."

సెబాస్టియన్‌ది కృష్ణా కాలువ గట్టున ఊరు. కాలువ అన్నాక నీళ్ళుంటాయి, అందులో ఆలోచించేదేముంది అనుకునే మనిషి. తుమ్మెద పువ్వును చూసినట్టు పోచయ్య మట్టిని చూస్తుంటే ఆయనకు నవ్వొచ్చేది. అయినా సాయంత్రాలు గుడిసె ముందు టీ తాగుతూ ముసలాయన్ని కదిలించడం అలవాటైపోయింది. అలా ఒకరోజు పందొమ్మిది వందల డెబ్భై రెండు కరువు సంగతి వచ్చింది.

"జొన్న మోకాలెత్తు లేచి ఎండిపోయె" అన్నాడు పోచయ్య. "ఎడ్లకు మేత లేకపాయె. నా చేను నేనే పీకి ఏసిన. రెండు రోజులు పీకిన. పచ్చటి మొక్కను పీకితే నేల జర పట్టుకుంటది సారూ, ఇయ్యనంటది. గా దినం పట్టుకోలే. తీస్కపో అని ఇడిచిపెట్టింది. గప్పుడు ఏడ్చిన." టీ గ్లాసు కింద పెట్టాడు. "ఎనక ఒక వాన పడ్డది. నీళ్ళు జారి ఉరుకుతున్నయి. నేను గూడ ఎంట ఉరికిన, ఏడికి పోతున్నయో చూద్దామని. వాగుల కలిసేదాంక ఉరికిన. తెల్లారి సంది వాలుకు అడ్డం రాళ్ళు పేర్చుడు షురూ చేసిన."

ఆరేళ్ళు పేర్చాడట. పిచ్చి పోచయ్య అన్నారట. ఏడో ఏడు నడి ఎండాకాలంలో ఆయన బావిలో నీళ్ళుంటే, పిచ్చి అన్నవాళ్ళే బిందెలు పట్టుకుని వచ్చారట. ఇప్పుడు ఎక్కడెక్కడి ఊళ్ళవాళ్ళో వచ్చి చూసి నేర్చుకుపోతున్నారు. "ఉరికే నీళ్ళను నడిపియ్యాలె, నడిచే నీళ్ళను కూసుండబెట్టాలె. గంతే బిడ్డా, గిండ్ల పెద్ద ఇద్దె లేదు" అన్నాడు. స్క్రిప్టులో హీరో గునపంతో ఒక్క పోటు పొడిస్తే నీళ్ళు తాటిచెట్టంత ఎత్తున లేస్తాయని ఆయనకు ఎవరూ చెప్పలేదు. సెబాస్టియన్‌కూ చెప్పడానికి నోరు రాలేదు.

ఇంతలో హీరోగారి డేట్స్ పన్నెండు రోజులు వెనక్కి జరిగాయి. ఈ ఊళ్ళో సూర్యుడైనా వేళకు రావాలి గానీ హీరో రానక్కర్లేదు. ఈలోగా రాజమండ్రిలో ఒక పాటకు సెట్టు వేయమంటే సెబాస్టియన్ మనుషులందరినీ తీసుకుని బయల్దేరుతూ, "పెద్దాయనా, ఎలాగూ ఇక్కడే ఉంటారుగా, నా పొలాన్ని కాస్త కనిపెట్టి ఉండండి" అన్నాడు. కోరి కోరి కొరివితో తల గోక్కోవడమంటే అదే. రైతును పిలిచి పొలం కనిపెట్టమని చెప్పాక వాడేం చేస్తాడు?

మూడో రోజు హైదరాబాద్‌లో పెద్ద వాన పడిందని టీవీలో చూసి సెబాస్టియన్ వెంటనే పోచయ్యకు ఫోన్ చేశాడు.

"సెట్టు ఎలా ఉందండీ?"

"గుడిసె కదల్లే. కింద షేక్‌పేట గల్లీలకు గూడ బురద పోలే. రాళ్ళు అడ్డం పెట్టిన. ఫికర్ జేయకు."

"మరి నేల?"

"నేలనా? మస్తుగున్నది సారూ. గింత మంచిగ ఎన్నడు లేదు."

సెబాస్టియన్ గుండెల మీద సిలువ గీసుకుని నిశ్చింతగా పడుకున్నాడు. పాపం, పోచయ్య అబద్ధమాడలేదు.

షూటింగ్ రోజు పొద్దున ఆరింటికి సెబాస్టియన్ మనుషులతో సహా వచ్చి దిగాడు. పగుళ్ళ పొలం లేదు. దాని మీద వాలుకు అడ్డంగా నాలుగు రాళ్ళ వరసలు. వరసల మధ్య, ఈ చివర నుంచి ఆ చివరకు, ఉలవ మొలకలు. నాలుగు వేళ్ళ ఎత్తున, లేత ఆకులతో, తల తిప్పినంత మేరా పచ్చగా! గుడిసె ముందు పోచయ్య వేపపుల్ల నములుతూ నిలబడి, తాత మనవణ్ణి చూపించినట్టు పొలం కేసి చెయ్యి చాపాడు.

"ఎంత పని చేశారు పెద్దాయనా!" అని నెత్తిన చేతులు పెట్టుకుని రాయి మీద కూలబడ్డాడు సెబాస్టియన్. "ఇంకో మూడు గంటల్లో నాకు కరువు కావాలండీ! లేకపోతే నాకూ వీళ్ళందరికీ ఇవాళ్టితో పని పోయినట్టే!"

పోచయ్య ముఖంలో నవ్వు పోయింది. "నాకెరుక లేదు బిడ్డా" అన్నాడు. "నేల తడిసింది. నడుముకు ఉలవల మూట ఉన్నది. తడిసిన నేల మీద ఇత్తనం ఎయ్యకుంట ఊకుంటే పాపం గాదా?" మొలకల కేసి చూశాడు. "నాకు అన్ని పనులొస్తయి గని కరువు జేసుడు రాదు సారూ."

అని ఊరుకోలేదు. పంచె ఎగగట్టి పొలంలోకి దిగాడు. "నా తప్పు. నేనే పీకుత, పక్కకు జరుగు." సెబాస్టియన్ మనుషులు ఇరవై మందీ గట్టున నిలబడి చూస్తున్నారు. ముసలాయన మొదటి మొక్క మొదలు పట్టుకున్నాడు. లాగాడు, రాలేదు. ఇంకాస్త లాగబోయి చెయ్యి ఆపేశాడు.

"పట్టుకున్నది" అన్నాడు మెల్లగా. "నేల పట్టుకున్నది బిడ్డా."

సెబాస్టియన్ గబగబా వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుని పైకి లేపాడు. ఏం చేస్తున్నాడో ఆయనకే తెలియదు, కళ్ళు మాత్రం నీళ్ళతో మండాయి. "వద్దండీ. ఒక్క మొక్క కూడా ముట్టుకోకండి. ఒరేయ్, ఎవరూ పొలంలోకి దిగొద్దు!"

తొమ్మిదింటికి చంద్రశేఖర్ వచ్చాడు. పచ్చదనం చూసి ముందు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత సెబాస్టియన్‌ను చూశాడు. "కరువేదండీ?"

"రాలేదు సార్" అన్నాడు సెబాస్టియన్. "మీ కథలో ఆఖరి సీనుకు పచ్చటి పొలం కావాలి కదాండీ, దానికి ప్లాస్టిక్ గడ్డి చాపలు చెప్పారు. ఆ సీను ఇవాళ తీసుకోండి. మన సినిమాల్లో పిల్లాడి బారసాల ముందు తీసి వాడి అమ్మానాన్నల పెళ్ళి తర్వాత తీస్తాం, కొత్తేముంది? కరువు మీరు గ్రాఫిక్స్ వాళ్ళకే ఇచ్చేయండి. దాన్ని యంత్రాలే చేసుకోనివ్వండి. అది కూడా పగుళ్ళు లేకుండా చేయమనండి, ఎర్రమన్ను పగలదట. ఇది మాత్రం ఏ యంత్రమూ చేయలేదు."

చంద్రశేఖర్ కొత్త ప్యాంటుతో సహా నేల మీద బోర్లా పడుకుని, రెండు చేతులూ చట్రంలా పట్టి మొలకల మధ్య నుంచి చూశాడు. అక్కణ్ణుంచి చూస్తే ఆ నాలుగు వేళ్ళ మొక్కలు ఆకాశం దాకా ఉన్నాయి. చాలాసేపు అలాగే పడుకుని, లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. "ఆఖరి సీను తీస్తున్నాం, హీరోకి తెల్లగడ్డం అతికించండి" అని కేకేశాడు. తర్వాత సెబాస్టియన్ వైపు తిరిగి, "కోత సీను నాలుగు నెలలకు పెడతాను. అప్పటికి జొన్న వేసి పెంచగలరా? మీ ఇరవై మందీ ఉండాలి" అన్నాడు.

సెబాస్టియన్ పోచయ్యను చూశాడు. పోచయ్య అప్పటికే ఆ ఇరవై మందిలో ఒకడి చేతికి పలుగు ఇచ్చేశాడు.

మొదటి షాట్‌లో హీరోగారు గంభీరంగా పొలంలో రెండడుగులు వేశాడో లేదో, కెమెరా వెనక నుంచి పెద్ద కేక వినిపించింది. "ఏయ్, తొక్కకు! గట్టు మీదికెంచి నడువు!" కట్ చెప్పాల్సి వచ్చింది. హీరోగారికి జీవితంలో మొదటిసారి ఎవరో నడక నేర్పారు. రెండో షాట్‌లో ఆయన గట్టు మీద నుంచే నడిచాడు.

పొద్దుగూకేటప్పటికి సెబాస్టియన్ మోతీనగర్ చేరాడు. ప్యాంటు మడతల్లో నల్లమన్ను, జేబులో పోచయ్య పోసిన గుప్పెడు ఉలవలు. పంపు దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే ఫిలోమినా తువ్వాలు అందిస్తూ అడిగింది.

"ఏమండీ, ఈసారి కరువు బాగా వచ్చిందా?"

"రాలేదు ఫిలోమినా" అన్నాడు. ఇరవై రెండేళ్ళలో ఆ రోజే ఆయన ఆకలేస్తోందని తనంతట తాను అన్నం అడిగాడు.