లానీ జేబులో ఎర్ర గుడ్డ

అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ గస్ హాల్వర్సన్ ఆ ఆదివారం ఎడమకాలి మేజోడు ఎన్నిసార్లు తడుముకున్నాడో ఆ దేవుడికే తెలియాలి. ఏళ్ల తరబడి ఎర్ర గుడ్డ దోపుకున్న చోటు అది. ఇప్పుడక్కడ చలికి బిగుసుకుపోయిన పిక్క తప్ప ఇంకేమీ లేదు. గుడ్డేమో సహాయకుడు లానీ కోటు జేబులో ఉంది. అక్కడ పెట్టించింది కూడా ఎవరో కాదు, గస్సే.

అంతా నవంబరులో వచ్చిన తంటా. రెఫరీ తీర్పు నచ్చకపోతే కోచ్ ఆ గుడ్డ మైదానంలోకి విసరాలి, వాళ్లు టీవీ బొమ్మ మళ్లీ చూసి తేలుస్తారు. ఇంతవరకూ చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది. కానీ బంతి అవతలి జట్టుకి చేతులు మారిందని రెఫరీ అన్నాడనుకోండి, అప్పుడు గుడ్డతో పనిలేదు. పైన గదిలో కూర్చున్న అధికారులు తమంతట తామే చూస్తారు. అప్పుడు గానీ విసిరావో, జరిమానా వేస్తారు, చూడబోయిన బొమ్మ కూడా చూడరు. అదే బంతి చేతులు మారలేదన్నాడా, నువ్వే విసరాలి, లేదా నీ ఖర్మ. కింద జరిగింది ఒకటే, రెఫరీ నోటి మాటను బట్టి విసరడం ఒకసారి నేరం, ఒకసారి ధర్మం. ఈ నిబంధన రాసిన మహానుభావుడు వెచ్చటి గదిలో కాఫీ తాగుతూ రాసి ఉంటాడు, సందేహం లేదు.

నవంబరులో తమ కుర్రాడి మోకాలు నేలకానాకే బంతి జారింది. మోకాలు ఆనితే ఆట అక్కడితో ఆగినట్టే, ఆ తర్వాత జారినా బంతి తమదే. అయినా బంతి పోయిందన్నాడు రెఫరీ. ఊరుకుంటే పైవాళ్లే దిద్దేవారు. గస్‌కి ఒళ్లు మండిపోయి గుడ్డ విసిరేశాడు. జరిమానా పడింది, బొమ్మ చూడలేదు, ఆట పోయింది. ఆ వారమంతా ఊళ్లో తలెత్తుకోలేకపోయాడు. పెట్రోలు బంకులో కుర్రాళ్లు అతని కారు మీదికి ఎర్ర రుమాళ్లు విసిరి పకపకా నవ్వారు. ఇంటికొచ్చి భార్యకు కూడా చెప్పలేదు.

ఆ రుమాళ్ల మర్నాడే లానీని పిలిచి గుడ్డ చేతిలో పెట్టాడు. లానీ ఒకప్పుడు అతని దగ్గర ఆడినవాడే, ఆట మానేశాక అతని పక్కనే ఉండిపోయాడు. "పైనుంచి టీవీ చూసే మన జట్టువాళ్లు విసరమని నీ చెవి ఫోనులో చెబితేనే ఇవ్వు. నా కోపం సంగతి నీకు తెలుసు. నేను కాళ్లు పట్టుకున్నా ఇవ్వకు" అన్నాడు గస్. లానీ నవ్వలేదు, సరేనన్నాడు. అప్పటినుంచి ఓడింది లేదు.

ఇవాళ్టిది లీగులో చివరి ఆట. గెలిస్తే కప్పు తేల్చే ప్లేఆఫ్స్‌కి వెళతారు, ఓడితే గస్ పెట్టె సర్దుకోవాలి. జట్టు యజమానురాలు మిసెస్ విక్ ఆ మాట పొద్దున టిఫిను దగ్గరే మర్యాదగా చెప్పేసింది. ఆట ముగియడానికి ఇంకా నాలుగైదు నిమిషాలున్నాయి. తమది రెండు పాయింట్ల పైచేయి, బంతి మాత్రం అవతలివాళ్ల చేతిలో ఉంది.

అవతలి కుర్రాడు బంతితో సరిగ్గా గస్ ముందుకే దూసుకొచ్చాడు. దెబ్బ తగిలింది, మోకాలు ఇంకా గాల్లో ఉండగానే బంతి ఊడిపడింది. తమవాడు దాని మీద పడి, లేచి, బంతి ఎత్తి చూపిస్తూ పరుగెత్తాడు. జట్టంతా గంతులేసింది. లానీ కూడా బంతి తమదే అనుకున్నాడు. గస్ ఒక్కడే కుప్పగా పడ్డ ఆటగాళ్ల వెనకున్న రెఫరీని చూశాడు. వాడు నేల మీద కాలు ఆనించి, కుర్రాడు ముందే పడిపోయాడని, బంతి వాళ్లదేనని చూపిస్తున్నాడు. అవతలివాళ్లకి దొంగబుద్ధి, మళ్లీ ఆట మొదలైతే ఇక ఎవరూ అడగలేరని తెలుసు, గబగబా వరస కడుతున్నారు.

"ఇవ్వరా" అన్నాడు గస్.

"బంతి మనదే అన్నారు, కోచ్. పైవాళ్లే చూసుకుంటారు. మళ్లీ నవంబరు కావాలా మీకు?"

"వాళ్లదన్నాడురా, నా కళ్లతో చూశాను. కాళ్లు పట్టుకోమంటావా?"

లానీ జేబు మీద చెయ్యి అదిమి పెట్టాడు. "పట్టుకున్నా ఇవ్వొద్దన్నారు కదా."

గస్ వాడి జేబులో చెయ్యి పెట్టబోయాడు, లానీ గట్టిగా పట్టుకున్నాడు. ఆట ఆపమని టైమవుట్ అడగాలని తట్టేసరికి బంతి కదిలిపోయింది. అప్పుడు పడింది లానీ చెవిలో పైనున్న మనవాళ్ల కేక, విసరండి విసరండి అని. జేబు మీది చెయ్యి అప్పుడు తీశాడు. తర్వాత కాసేపటికే అవతలివాళ్లు పాయింట్లు కొట్టి గెలిచారు.

విలేకరుల గదిలో అందరిదీ ఒకటే ప్రశ్న, అంత స్పష్టంగా కనిపిస్తుంటే గుడ్డ ఎందుకు విసరలేదని. తలుపు దగ్గర నిలబడ్డ లానీ తప్పు ఒప్పుకోబోతున్నట్టు గొంతు సవరించుకున్నాడు. పక్క రాష్ట్రంలో ఒక జట్టు వాణ్ణి ప్రధాన కోచ్‌గా పిలిచే ఆలోచనలో ఉందని గస్‌కి తెలుసు. కోపం వాడి మీదో తన మీదో తెలియలేదు. మాట తీసుకున్నది తను, నిలబెట్టుకున్నది వాడు. మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"నాకు కనపడలేదు" అన్నాడు.

నడవాలో మిసెస్ విక్ చేతి తొడుగులు వేసుకుంటూ ఆగింది. "నీ కోపాన్ని ఇన్నేళ్లు భరించాను గస్. కళ్ల ముందు జరిగింది కనపడని కోచ్‌ని పనిలో ఎలా ఉంచను?" అంది. గస్ తలూపాడు. అన్నేళ్లలో అంత స్పష్టంగా చూసింది ఆ ఒక్కసారే, ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాడు.

కారు దగ్గర మంచులో లానీ నిలబడి ఉన్నాడు. ఏడ్చినట్టున్నాడు. జేబులోంచి ఎర్ర గుడ్డ తీసి చాచాడు.

"ఇప్పుడిస్తున్నావా" అన్నాడు గస్.

గుడ్డ అందుకుని, అలవాటు కొద్దీ వంగి మేజోడులో దోపుకున్నాడు.