ఒక్క మొక్క, రెండు చెక్కలు

నేను ఒక జత చెక్కలను. మధ్యలో పాత వార్తాపత్రికలు, చుట్టూ రెండు పట్టీలు. మొక్కల్ని అదిమి ఎండబెట్టే ప్రెస్ అంటారు నన్ను. కాకినాడలో ఓ వడ్రంగి విరిగిన పడవ చెక్కతో చేశాడు. మళ్లీ నీళ్ల మీదికే పోతానని సంబరపడ్డాను. తీరా చూస్తే కాలేజీలో వృక్షశాస్త్రం మాస్టారి బల్ల మీద తేలాను.

ఆయన పచ్చటి మొక్కను తెచ్చి నా మధ్య పెట్టి, పట్టీలు బిగించి, అది చచ్చి ఎండాక “భలే వచ్చింది!” అని మురిసిపోయేవారు. పైగా క్లాసులో మొక్కల్ని ప్రేమించమని చెప్పేవారు. నాకంతా అయోమయం. బుర్ర గోక్కుందామంటే చేతులు లేవు.

రిటైరవుతూ నన్ను శిష్యురాలు హైమావతికిచ్చారు. తీరంలోని దీవులు తిరిగి, అక్కడ సహజంగా పెరిగే మొక్కల్లో అరుదైనవాటిని వెతకడం ఆమె పని. అలా పడవెక్కాను.

గుల్లదిబ్బ దీవిలో రిసార్టు కట్టబోతున్నారట. అరుదైన మొక్క ఉందని రుజువైతే కట్టనివ్వరట. దీవంతా గాలించాం. చివరికి గడ్డి మధ్య వేలెడంత మొక్క, ఊదారంగు పువ్వుతో కనిపించింది. మరొకటి లేదు. హైమావతి మోకాళ్ల మీద కూలబడి ఏడ్చేసింది. దొరికితే ఏడవడమేమిటో నాకు బోధపడలేదు.

“పీకెయ్యండమ్మా,” అన్నాడు పడవ నడిపే మసేను.

“ఒక్కటే ఉంది మసేనూ. పీకితే ఇక లేదు.”

“ఫొటో తీసుకెళ్లండి మరి.”

“ఫొటో చాలదన్నారు అధికారులు. వేరుతో సహా ఎండిన మొక్కే కావాలట.”

మసేను ఒడ్డున ఆరేసిన వలల వైపు చూశాడు. “దీవి పోతే మేం వలలెక్కడ ఆరేసుకోవాలండీ?”

ఆమె చాకుతో మొక్కను మెల్లగా తవ్వి, దాన్ని నాలో పెళ్లి సంబంధాల పేజీ మీద పడుకోబెట్టింది. పట్టీలు బిగించింది. వీలైనంత మెత్తగా ఉందామనుకున్నాను. చెక్కకు మెత్తదనం ఎక్కడిది?

రిసార్టు ఆగింది. వలలు ఆరుతున్నాయి. “ఈ దీవిలో అరుదైన మొక్క ఉంది, కోయరాదు” అని అక్కడ బోర్డు కూడా పెట్టారట. ఆ మొక్కేమో కాలేజీ మ్యూజియంలో, అద్దాల బీరువాలో ఉంది; దాన్ని ఎండబెట్టానని నన్నూ దాని పక్కనే పెట్టారు. ఇక ఆ బోర్డు దేన్ని కాపలా కాస్తోందో నాకు అంతుపట్టదు.

ఇసుకలో ఎక్కడో గింజ మిగిలే ఉంటుందని హైమావతి ప్రతి వానాకాలం దీవికి వెళ్తుంది. తిరిగొచ్చి బీరువా ముందు నిలబడుతుంది. మోకాళ్లకు ఇసుక అంటుకునే ఉంటుంది.

“ఈసారీ కనపడలేదు,” అంటుంది. నాతోనో, పక్కనున్న మొక్కతోనో నాకు తెలియదు.