సరుగుడు చెట్లకు అమ్మవారు

చెట్లకు అమ్మవారు పోసిందని ఎక్కడైనా విన్నారా? మా పక్క తోపు కామమ్మ నోట నేను విన్నాను, పందొమ్మిదివందల అరవై రెండు ఎండాకాలంలో.

దొరవారిసత్రానికి తూర్పున ఇసకనేలలో మా ఇద్దరి సరుగుడు తోపులకూ నడుమ ఒక్క గట్టే. ఆమె చెట్లు నాలుగింటికి బెరడు మీద బొబ్బలు లేచాయి. వాటికి వేపమండలు కట్టి పసుపునీళ్లు చల్లుతోంది. నాకు ఒళ్లు మండింది. ఆ ఏడు నా తోపు కొట్టించి ఇంటికి కప్పు వేసుకోవాలి. మూడేళ్లుగా తాటాకు పాకలో తడుస్తున్నాం. తెగులు గట్టు దాటితే నా గతేం కాను?

"కొట్టెయ్ మే," అన్నాను.

"అయ్యో రెబెక్కమ్మక్కా! అమ్మ ఉండంగా కత్తి తగలనిస్తానా? ఇంట్లో పోపు కూడా పెట్టడంలా."

"చెట్టుకేం పోపు వాసన మే, పిచ్చిదానా!"

నేను క్రీస్తును నమ్ముకున్నదాన్నే గానీ ఆమె అమ్మవారిని ఏనాడూ ఎగతాళి చేయలేదు. ఒక బొబ్బను గోటితో గిల్లి చూపించాను. కాటుకలాంటి పొడి రాలింది. బెరడు కింద తెల్లగా, తడిగా ఉండాల్సిన పొర గోధుమరంగుకు తిరిగి ఎండిపోయింది. చెట్టు ప్రాణమంతా ఆ పొరలోనే. అది చుట్టూ చచ్చిందంటే పైన ఎంత పచ్చగా ఉన్నా చెట్టు లేనట్టే. ఇరవై ఏళ్లుగా సరుగుడు పెంచుతున్నదాన్ని, నాకొకరు చెప్పాలా?

"మీ పిల్లకు పోసినప్పుడు గడప తొక్కొద్దని నాతో చెప్పింది నువ్వే గదా?"

"అవును, గాలి సోకుద్దని."

"మరి ఈ పొడి గాలికి ఎక్కడికి పోతా ఉండాది?"

కామమ్మ గట్టు వైపు చూసింది. ఇంట్లోకి పోయి గొడ్డలి తెచ్చింది. "పొలిమేర దాటిస్తా తల్లీ" అని దణ్ణం పెట్టి, నాలుగు చెట్లూ తానే కొట్టింది. మొదళ్లు వేళ్లతో సహా తవ్వి, అన్నీ పొలిమేర అవతల ఇసకలో తగలబెట్టాం. నా మాటే నెగ్గిందని నాకెంత గర్వమో!

తిరిగొస్తూ ఆమె నా తోపులోకి దిగింది.

"అక్కా, ఇట్లా రా."

ఆరు చెట్లు. దూలాలకని నేనే ఏరి, గుర్తుకు కత్తితో గాట్లు పెట్టుకున్న చెట్లు. ప్రతి గాటు చుట్టూ బొబ్బలు. మిగతా చెట్ల బెరడు నున్నగానే ఉంది. పక్క తోపును చూసినంత శ్రద్ధగా నా తోపు చూసుకోలేదు నేను. సిగ్గూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

"అమ్మను కత్తి పెట్టి పిలిచింది నేనే మే," అన్నాను.

కామమ్మ గొడ్డలి నా చేతికిచ్చింది. దూలాలు పోతే పోయాయి, తోపు దక్కాలి. మొదటి వేటు నేనే వేశాను.