సీసాలో రెండో చీటీ

ఆ పురుగుకు పెట్టిన పేరు తప్పు. తప్పు చేసింది జ్ఞానరాజు సారు. పదేళ్లుగా రామసుబ్బయ్య ఈ రెండు మాటలే చెబుతూ వచ్చాడు, అడిగినవాళ్లకూ, అడగనివాళ్లకూ.

మైదుకూరుకు తూర్పున కొండల్లో ఒక కోన ఉంది. అక్కడి మడుగులో నీళ్ల మీద నడిచే పురుగులుంటాయి. పొడుగు కాళ్లు, వెంట్రుకంత సన్నం. నీళ్లకు సొట్ట పడుతుంది గానీ పురుగు మునగదు. అవి మిగతా పురుగుల లాంటివి కావని మొదట కనిపెట్టింది రామసుబ్బయ్య భార్య. ఆలూరు వైపు నుంచి కాపురానికి వచ్చిన మనిషి. మేకల వెంట రోజూ కోనకు పోయేది. కాలవలో పురుగులు నిలవ నీళ్లలో ఆడుకుంటాయి, ఇవి పారే నీళ్లకు ఎదురు నిలబడతాయి అనేది. కాలవ ఎండితే అవి ఎగిరిపోతాయి, వీటికి రెక్కలే లేవు అనేది. జ్ఞానరాజు సారు కాలేజీ నుంచి పురుగులు వెతుక్కుంటూ వచ్చినప్పుడు, టీ జల్లెడతో డజను పట్టి ఇచ్చింది కూడా ఆమే. సారు వాటిని స్పిరిట్ సీసాల్లో వేసుకుని పోయాడు.

రెండేళ్లకు సైన్సు పత్రికలో అచ్చయింది. ఇది కొత్త జాతి అన్నారు. దానికి రామసుబ్బయ్య పేరు పెట్టారు.

టీ అంగడి సర్ఫరాజ్ గ్లాసులు కడుగుతూ, "ఏమప్పా, నీ పేరు నీళ్ల మీద నడుస్తాండాదంట. నువ్వేమో వారానికొకసారి గానీ నీళ్ల మొగం చూడవు" అన్నాడు. అంగడంతా నవ్వింది.

ఇంట్లో ఆమె కూడా నవ్వింది. "సరిగ్గానే పెట్టినారులే. అదీ ఎప్పుడూ ఎదురే, నువ్వూ ఎదురే."

అంతే. మరుసటి దినం మేకలను ఇంకో దారిన తోలింది. మళ్లీ ఎన్నడూ ఆ మడుగు కాడికి పోలేదు. ఎందుకని అతను అడగలేదు. నాలుగేళ్ల కిందట ఆమె చనిపోయింది. అంతకు ముందే సారు పోయాడు. సారు చావుకు రామసుబ్బయ్య పోలేదు.

ఈ వేసవిలో కర్నూలు నుంచి, పురుగుల మీద పరిశోధన చేసే హిమబిందు వచ్చింది. సారు వదిలిపోయిన సీసాలు, నోటు పుస్తకాలు ఇప్పుడు ఆ పిల్ల చేతిలో ఉన్నాయి. శ్రీలంక నుంచి, బర్మా నుంచి వచ్చిన పురుగుల పక్కన వీటిని పెట్టి, ఏది ఏ జాతో మళ్లీ తేలుస్తోందట. మగ పురుగు తోక కొసను భూతద్దం కింద చూస్తేనే జాతి తెలుస్తుందని, ఇది వేరే జాతేనని చెప్పింది.

"ఆ మాట మా ఇంటిది ఎప్పుడో చెప్పింది, ఏ భూతద్దం లేకుండానే" అన్నాడు రామసుబ్బయ్య. "ఆమె పట్టింది. ఆమె పేరు సారు మింగేసినాడు. ముందు అది రాసుకో పాపా."

హిమబిందు సంచిలోంచి చిన్న సీసా తీసి అతని చేతికిచ్చింది. స్పిరిట్‌లో ఒక పురుగు, కాళ్లు ముడుచుకుని. దాని పక్కన పెన్సిలుతో రాసిన చీటీ. ఊరు, తేదీ. పట్టినవారు: రామసుబ్బయ్య.

"చూడు. నేను చెప్పలా?"

"సారు నోటు పుస్తకంలో ఇంకో మాట ఉంది తాతా. చదవమంటారా?"

"చదువు."

"'పురుగులు పట్టింది ఎవరని రామసుబ్బయ్యను మూడుసార్లు అడిగాను. మా ఇంట్లోవాళ్లు అన్నాడు. పేరు చెప్పమంటే తల వంచుకున్నాడు. ఆమెనే అడగబోయాను. ఆడోళ్లను ఎందుకు సార్, నా పేరు రాసుకోండి అన్నాడు. రాశాను.'"

 రామసుబ్బయ్యకు ఆ రోజు గుర్తుకొచ్చింది. ఆమె తడిసిన కొంగు పిండుకుంటూ నాలుగడుగుల దూరంలో నిలబడి ఉండింది. అంతా విని ఉంటుంది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె అతన్ని పేరు పెట్టి పిలవలేదు. అతనూ 'ఏమే' అని తప్ప పిలవలేదు. ఊళ్లో మొగుడూ పెళ్లాలందరూ అంతే. పరాయి మగవాడి ముందు ఆ పేరు పలకడానికి ఆ రోజు నోరు రాలేదు.

"పురుగు పేరు మార్చేదానికి అవుతుందా?"

"అవదు తాతా. అచ్చయిన పేరు అచ్చయినట్టే."

"చీటీ?"

"పాతది తీయకూడదు. పక్కన ఇంకోటి వేయొచ్చు. నేను రాసే వ్యాసంలో కూడా పట్టింది ఎవరో వేస్తా. పేరు చెప్పండి చాలు."

   చెప్పడానికి బదులు అతను చెయ్యి చాచాడు.

"పెన్సిలు ఇయ్యి."

హిమబిందు పెన్సిలూ, గోరంత వెడల్పు చీటీ ఇచ్చింది. అయిదో తరగతితో ఆగిపోయిన చెయ్యి. గట్టిగా అదిమి రాశాడు: పట్టినది హంపమ్మ. ఆ పిల్ల చీటీని పటకారుతో సీసాలోకి దించి, మూత బిగించి మళ్లీ అతని చేతికిచ్చింది.

"అయితే సారుది తప్పు లేదన్నమాట" అంది మెల్లగా.

"ఉండాది. నాలుగడుగుల దూరంలో ఉండె మనిషి. నా మాట పక్కన పెట్టి ఆమెనే అడిగి ఉండాల."

"మరి మీది?"

రామసుబ్బయ్య లేచి నిలబడ్డాడు. సీసా ఆమె చేతిలో పెట్టాడు.

"తప్పెవరిదనే మాట నా కాడ ఇంగ ఎత్తొద్దు పాపా. నేనూ ఎవరి కాడా ఎత్తను."