పట్టు మీద పళ్ళ గుర్తులు

చెన్నప్ప ఒక మాట అన్నాడంటే దాన్ని మళ్ళీ వెనక్కి తీసుకోడు. అందుకే ఆ పొద్దు అన్నం తింటూ ఆయన అన్న మాట విని కూతురు కమలాక్షికి సగం సంతోషమూ సగం భయమూ కలిగాయి.

"కుట్టు మిషన్ కొంటా. హిందూపురం పోయి కొంటా. కానీ ఒక్కసారే కొనేది. తెచ్చినాక ఇది బాగలేదు, ఇంకోటి కావల్ల అంటే కుదరదు. బాగా చూసుకో."

కమలాక్షి తల ఊపింది. ఆమెకు పదిహేనేళ్ళు. ధర్మవరంలో నేతగాళ్ళ వీధిలో వాళ్ళ ఇల్లు. చిన్నప్పుడు పెనుకొండ దగ్గరి పల్లెలో అమ్మమ్మ ఇంట ఉండి అక్కడి బడిలో అయిదో తరగతి దాకా చదువుకుంది. ఆ బడి అయ్యవారి భార్య ఎస్తేరమ్మకు చేత్తో తిప్పే కుట్టు మిషన్ ఒకటి ఉండేది. బడి వదలగానే కమలాక్షి ఆమె పక్కన చేరేది. ముందు కాగితం మీద గీసి, కాగితాన్ని కత్తిరించి, ఆ తర్వాతే గుడ్డ మీద కత్తెర పెట్టడం ఆమె దగ్గర నేర్చుకుంది. ఊసుపోక నేర్చుకున్నది ఇంటికొచ్చాక పట్టుదలగా మారింది.

దానికి కారణం రవికలు. ఊళ్ళో కుట్టేవాళ్ళంతా మగవాళ్ళే. ఆడవాళ్ళు వాళ్ళకు ఒంటి కొలత ఇవ్వరు, పాత రవిక ఒకటి ఆదిగా పంపిస్తారు. ఆది రవిక చంక కింద పట్టేస్తే కొత్తదీ పట్టేస్తుంది. పెళ్ళినాటి ఆదితోనే నలుగురు బిడ్డల తల్లికి కూడా రవిక కుట్టిన ఘనులు ఉన్నారు. చీర చూస్తే లక్ష్మీదేవి, చెయ్యి ఎత్తితే చిరుగు. కమలాక్షి మాత్రం ముడులు వేసిన దారంతో ఒంటి మీదే కొలత తీసేది. నాయన చీర అంచుల్లో పూలు గీసుకునే గళ్ళ కాగితాలు అడిగి తెచ్చుకుని, ఒక్కో గడిని ఒక్కో అరంగుళంగా లెక్కపెట్టి రవిక నమూనా గీసేది.

అవ్వ సుబ్బమ్మ మొదట్లో ఒప్పుకోలేదు. "నేసే ఇంట్లో ఈ కర్ కర్ ఏందే? మన ఇంట్లో కత్తెరకు ఒకటే పని, మగ్గం మీంచి చీర కోసి దించేది. నీకెవురు నేర్పించినారు గుడ్డలు ముక్కలు చేసేది?" అని రోజూ ఏదో ఒకటి అనేది. అవ్వకు మెట్ల మీద పడ్డప్పటి నుంచి కుడి భుజం పైకి లేవదు, రవిక తొడుక్కోవాలంటే ఇద్దరు పట్టుకోవాలి. కమలాక్షి ఆ చంక కింద చదరపు ముక్క ఒకటి అదనంగా వేసి నాలుగు రోజులు చేతి సూదితో కుట్టి ఇచ్చింది. అవ్వ దాన్ని ఎవరి సాయమూ లేకుండా తొడుక్కుంది. ఆ పొద్దు నుంచి కత్తెర మాట ఎత్తలేదు. మగ్గం మీద కూర్చుని అదంతా చూసిన చెన్నప్ప, వారం తర్వాత ఈ మిషన్ మాట అన్నాడు.

భయం ఎందుకంటే, కమలాక్షికి పరాయివాళ్ళ ముందు నోరు పెగలదు. చుట్టాలొస్తే తలుపు వెనక నిలబడి జవాబు చెప్పే పిల్ల. తాను అనలేని మాటలన్నీ నోటుపుస్తకంలో రాసుకుంటుంది. అంగట్లో అడగవలసినవి కూడా అందులోనే రాసుకుని, రైల్లో నాయనకు చదివి వినిపించింది. మొదటిది, అన్నిటికన్నా ముఖ్యమైనది: పట్టు మీద కుట్టి చూపించమనాలి.

"నేనడుగుతాలే. నువ్వు ఊరికే నా పక్కన నిలబడు" అన్నాడు చెన్నప్ప.

హిందూపురంలో ఉలిగప్ప అంగడి బజారు వీధి మొదట్లోనే ఉంది. ఉలిగప్ప లావుపాటి మనిషి, నోట్లో ఎప్పుడూ వక్కాకు.

"రండప్పా, రండి. ధర్మారమా? పట్టోళ్ళు వస్తే మా అంగడికే కళ వస్తాది. మంచి టయానికి వచ్చినారు. యుద్ధం వచ్చె, దొరల సీమ నుంచి మిషన్లు వచ్చేది నిలిచిపాయ. దుడ్లు ఉండొచ్చు, మిషన్లు ఉండవు ఇంక. ఇదొక్కటే మిగిలుండాది."

అది కాలితో తొక్కే మిషన్. నల్లటి ఒళ్ళు, దాని మీద బంగారు రంగు తీగలు, కింద ఇనుప కాళ్ళు. చెన్నప్ప దాని చుట్టూ తిరిగాడు. భుజం ఆనించి నెట్టి చూశాడు. కదల్లేదు. మగ్గం మంచిదా కాదా అని తేల్చుకోవడానికి నేతగాడు చేసే మొదటి పని అదే.

"బలే ఉండాదప్పా! మగ్గం గుంజ మాదిరి నిలబడింది. బరువుంటేనే పని నిలుస్తాది" అన్నాడు. ఆ తర్వాత పీట మీద కూర్చుని తొక్కుడు పలక మీద పాదం పెట్టాడు. ఆయన కాళ్ళకు అదే అలవాటు. చక్రం గిర్రున తిరిగింది, ఆయన మొహం వెలిగిపోయింది.

"ఇదో, దీంతో పాటు ఈ పుస్తకం ఊరికే" అంటూ ఉలిగప్ప ఒక బొమ్మల పుస్తకం తెరిచాడు. నిండా దొరసానుల గౌన్లు, వాటిని కత్తిరించే కొలతలు. చెన్నప్ప ఒక బొమ్మ ముందు ఆగిపోయాడు.

"ఈయమ్మకు నడుం యాడుండాదప్పా? అన్నం తింటే యాడికి పోతాది?"

ఇద్దరూ నవ్వుకున్నారు. కమలాక్షి నాయన భుజం మీది తువ్వాలు కొస పట్టుకుని మెల్లగా లాగింది. "ఉండమ్మా" అన్నాడాయన, పుస్తకం లోంచి తల ఎత్తకుండానే.

ఉలిగప్ప మందపాటి గుడ్డను రెండు మడతలు పెట్టి మిషన్ కింద తోసి తొక్కాడు. కుట్లు చీమల బారు లాగా సాగిపోయాయి. "చూసినారా! రెండు మడతలు. నాలుగైనా కుడతాది." చెన్నప్ప ఆ గుడ్డను వెలుగుకు పట్టి చూసి, లోపలి జేబు మీద చెయ్యి వేశాడు.

నాయన పట్టు మాట పూర్తిగా మరిచిపోయాడని కమలాక్షికి అర్థమైంది. ఒక్కసారే కొనేది. ఇప్పుడు అడగకపోతే ఈ బంగారు తీగల మిషన్ ఇంటికి వస్తుంది. పట్టుకు పనికిరాకపోతే ధర్మవరంలో దాని మీద కుట్టేది ఏముంది, గోనె సంచులా?

"పట్టు మీద కుట్టి చూడల్ల" అంది.

ఎవరికీ వినపడలేదు. ఆమెకే సరిగా వినపడలేదు. గొంతు సవరించుకుని మళ్ళీ అంది.

"ఏమంటాదప్పా పాప?" అన్నాడు ఉలిగప్ప.

"పట్టు మీద కుట్టి చూడల్ల అంటాండా." ఈసారి వీధిలో పోయేవాళ్ళకు కూడా వినిపించింది.

ఉలిగప్ప నవ్వాడు. "అంత మందం గుడ్డ కుట్టింది పట్టు కుట్టదా పాపా? చేలో నడిచే ఎద్దు దారిలో నడవదా?"

"నడుస్తాది. ముగ్గు మీద నడిస్తే ముగ్గు ఏమైతాదో చూడల్ల కదా" అంది కమలాక్షి. ఇంటి నుంచి తెచ్చుకున్న పట్టు ముక్కను సంచిలోంచి తీసి చాపింది. ఆ చెయ్యిని వెనక్కి తీసుకోలేదు.

చెన్నప్ప కూతుర్ని వింతగా చూశాడు. "కుట్టప్పా, చూద్దాం" అన్నాడు.

ఉలిగప్ప కుట్టాడు. పైన చూస్తే కుట్టు తీరుగానే ఉంది. కమలాక్షి ముక్కను తిరగేసి నాయన చేతిలో పెట్టింది. మిషన్ కింద గుడ్డను ముందుకు తోసే ఇనుప పళ్ళు ఉంటాయి. మందపు గుడ్డ కోసం చేసిన ముతక పళ్ళు అవి. కుట్టు పొడుగునా పట్టు మీద వరసగా కొరికిన గుర్తులు పడ్డాయి. చెన్నప్ప బొటనవేలు వాటి మీద పాకుతూ పోయి ఒకచోట ఆగింది.

"పోగు తెగింది" అన్నాడు.

"ఇస్త్రీ చేస్తే పోతాదప్పా."

"పట్టుకు గాయమైతే ఏం చేసినా పోదబ్బా. నా చేత్తో నేసిన పోగు ఇది." చెన్నప్ప లేచి తువ్వాలు దులుపుకున్నాడు. "పదమ్మా. మన పనికి మిషన్ కుదరదు. రైలుకు టైమాయ."

ఆమె అనుకోనిది అదే. తప్పు మిషన్ తప్పిందని ఊపిరి పీల్చుకునే లోపే అసలు మిషనే లేకుండా పోతోంది. ఈ పొద్దు ఉత్త చేతులతో వెళితే నాయన మళ్ళీ హిందూపురం మాట ఎత్తడు. కమలాక్షి అంగడి నాలుగు మూలలా చూసింది. వెనక మూల, మేకుల డబ్బాల కింద ఒక చెక్క పెట్టె కనిపించింది. దాని పక్క నుంచి చేతిపిడి ఒకటి బయటికి వచ్చి ఉంది.

"అది చేతి మిషన్ కదా?"

"అదా? అదేం మిషన్ పాపా! రైల్వే గార్డు పెండ్లాం, మొగునికి బదిలీ అయి పోతా మాకు అమ్మి పాయ. డబ్బాలు పెట్టుకోను బాగుండాదని పెట్టుకుంటిమి."

"దించండి. చూస్తా."

ఆమె అంగడి గడప మీదే కూర్చుని పెట్టె తెరిచింది. మిషన్ నిండా దుమ్ము. తన ఓణీ కొంగుతోనే తుడిచి, నూనె అడిగి ప్రతి కీలులోనూ రెండు బొట్లు వేసింది. వేలితో కింది పళ్ళను తడిమింది. సన్నంగా, పిల్లి నాలుక లాగా ఉన్నాయి. ఉన్న సూది మొద్దుబారితే తీసేసి, అంగట్లో సన్నటి సూది అడిగి తీసుకుని ఎక్కించింది. బజారులో పోయే ఇద్దరు ముగ్గురు ఆగి చూస్తున్నారు. ఆమె తల ఎత్తలేదు.

మొదటిసారి దారం పుటుక్కున తెగింది. ఉలిగప్ప వక్కాకు ఉమ్మి వచ్చి మళ్ళీ కూర్చున్నాడు. రెండోసారి కుట్టు సాగింది గానీ పట్టు ముడతలు పడింది.

"కమలా, రైలు" అన్నాడు చెన్నప్ప.

"రైలు ఇంకోటి వస్తాది నాయనా. ఉండు."

నాయనను ఉండమనడం ఆమె పుట్టాక అదే మొదలు. పైదారం బిగువును పట్టి ఉంచే మరను పావు చుట్టు వదులు చేసింది. మూడోసారి చేతిపిడి తిప్పింది. మిషన్ గొణుగుతున్నట్టు సన్నగా పలికింది. ముక్కను కత్తిరించి నాయనకు ఇచ్చింది.

చెన్నప్ప బొటనవేలు ఒక కొస నుంచి ఇంకో కొసకు పోయింది. తిరగేశాడు. మళ్ళీ తిరగేశాడు. వెలుగుకు పట్టాడు.

"దీంట్లో పైపక్క ఏదమ్మా?"

"నువ్వే చెప్పు నాయనా."

ఆయన చెప్పలేకపోయాడు. తల గోక్కున్నాడు. "వీధిలో అందరికీ కాళ్ళ మిషన్ తెస్తాండానని చెప్పొచ్చినానే. దీన్ని ఎత్తుకొని పోతే ఊరగాయ పెట్టె అనుకుంటారు."

"అనుకోనీ. రవిక తొడుక్కునేది వాళ్ళు కాదు కదా, వాళ్ళింట్లో ఆడోళ్ళు."

ఉలిగప్ప పగలబడి నవ్వాడు. "ఏమప్పా, మూగ పిల్లను తెచ్చినావని అనుకుంటినే!" అని, చెన్నప్ప లెక్కపెట్టి ఇచ్చిన డబ్బు తీసుకుని, బొమ్మల పుస్తకం మాత్రం జాగ్రత్తగా తీసి లోపల పెట్టుకున్నాడు. అది కొత్త మిషన్ కొన్నవాళ్ళకేనట. కమలాక్షి దానివైపు చూడను కూడా లేదు.

రైల్లో చెన్నప్ప పెట్టెను కూతురి కాళ్ళ దగ్గర దించి పక్కన కూర్చున్నాడు. పెనుకొండ స్టేషన్లో మారక్క అనే పెద్ద వయసు ఆవిడ కూరగాయల గంపతో ఎక్కి ఎదురుగా కూర్చుంది. పెట్టెను కాలితో తాకి చూసింది.

"ఏముండాది పాపా దీంట్లో? ఇంత బరువు?"

చెన్నప్ప నోరు తెరిచేలోగానే కమలాక్షి చెప్పింది. "కుట్టు మిషనక్కా. రవికలు కుడతా."

"నువ్వా? ఒంటి మీద కొలత తీస్తావా?"

"తీస్తా."

మారక్క కూర్చున్నచోటు నుంచి ముందుకు జరిగింది. "మా కోడలు బాలింత. గడప దాటేదానికి లేదు. పాతవి ఒక్కటీ పట్టవు. పెనుకొండలో కుట్టేవాణ్ణి అడిగితే ఆది తెమ్మంటాడు. యాడ తెచ్చేది? పాలిచ్చే తల్లికి ఆది యాడుంటాది? నువ్వు వస్తావా మా ఊరికి? వచ్చే స్టేషన్లో దిగితే కనపడేంత దూరం."

"వస్తా. సోమవారం వస్తా. గుడ్డ తీసి పెట్టు."

మారక్క తర్వాతి స్టేషన్లో దిగిపోయింది. కిటికీ దగ్గరికి వచ్చి, "సోమారం! మర్చిపోవాకు!" అని ఇంకోసారి అరిచింది. రైలు కదిలాక చెన్నప్ప కూతురి వైపు తిరిగాడు.

"ఎవుర్ని అడిగి ఒప్పుకుంటివి?"

"ఇప్పుడు నిన్నే అడుగుతాండా కదా నాయనా." ఆమె కళ్ళు దించలేదు. "కాళ్ళ మిషన్ ఐతే అందరూ దాని దగ్గరికి రావల్ల. వాకిలి దాటలేనోళ్ళు ఎట్లొస్తారు? ఇదైతే ఇదే వాళ్ళ దగ్గరికి పోతాది."

"మోసేదెవరు?"

"నేనే."

"అంత దూరమా?"

"ఎంత దూరమైనా."

చెన్నప్ప పెట్టె పిడి పట్టుకుని ఒకసారి పైకెత్తి బరువు చూశాడు. దించి, దాన్ని కూతురి కాళ్ళకు తగలకుండా తన వైపుకు జరుపుకున్నాడు. బయట వేరుశెనగ చేలు వెనక్కి పోతున్నాయి.

"సోమారం కుదరదు. ఆ పొద్దు మగ్గానికి కొత్త పడుగు ఎక్కించల్ల" అన్నాడు. "మంగళారం పోదాం."